ఆరుబయట నీటిరంగులు – నాలుగో పాఠం: బండకు మూడు ముఖాలు

గడిచిన మూడు పాఠాల్లో పెన్సిలు పట్టు, లేత నుంచి ముదురు దాకా ఛాయల మెట్లు, తడి కాగితం మీద ఆకాశం నేర్చుకున్నాం. అవన్నీ ఇంట్లో బల్ల ముందు కూర్చుని చేసినవే. ఇవాళ బల్ల వదిలేద్దాం.

మా ఆదివారపు బృందం కొత్తవాళ్లను మొదట తీసుకెళ్లేది హైదరాబాదులో పెద్ద పెద్ద గుండ్లున్న ఖాజాగూడ గుట్టకు. చార్మినార్‌తో ఎందుకు మొదలుపెట్టకూడదని చాలామంది అడుగుతారు. మినారు కాస్త వంగితే దారిన పోయే పిల్లవాడు కూడా పట్టేస్తాడు. వేసేవాడి ధైర్యం అక్కడే సగం పోతుంది. బండ ఒక అంగుళం అటూ ఇటూ అయినా అడిగేవాడు ఉండడు. అయితే ఆ వెసులుబాటు వల్లే చెయ్యి అలసత్వానికి అలవాటు పడుతుంది. కొత్తవాళ్ల తొలి బొమ్మలు దాదాపు ఒకేలా ఉంటాయి: గుండ్రటి గీత, లోపల బూడిదరంగు, కింద నల్లటి చార. "సార్, బంగాళాదుంపలా వచ్చింది" అని వాళ్లే నవ్వుతూ చూపిస్తారు. దుంపను బండగా మార్చడమే ఈ పాఠం.

ముందు ఆ గుండ్లు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి. చిత్రలేఖనంలో భూగర్భశాస్త్రం ఎందుకని విసుక్కోకండి, గీత ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గడ్డకట్టిన ఆ రాతిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. వాటిలోకి నీరు దిగింది. నీరు తగిలిన మేర రాయి మెత్తబడి మట్టిలా రాలిపోయింది. పగుళ్ల నడుమ మిగిలిన దిమ్మెకు అంచుల దగ్గర రెండు వైపుల నుంచి, మూలల దగ్గర మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కనుక అవే ముందు అరిగాయి. తర్వాత వానలకు పైమట్టి కొట్టుకుపోయి, నడుమ మిగిలిన గట్టి రాయి గుండుగా బయటపడింది. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదానిపై ఒకటి కనిపించే గుండ్లు చాలావరకు పేర్చినవీ కావు, దొర్లి వచ్చినవీ కావు. ఒకే రాయి ఉన్నచోటే ముక్కలై నిలిచింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు బండను చూసినా ఈ అరుగుదల ఎంత పని చేస్తుందో తెలుస్తుంది.

అంటే ఎంత నున్నగా కనిపించినా గుండు పుట్టుకతో దిమ్మె. కాబట్టి దిమ్మెగానే మొదలుపెట్టండి. 4బీ పెన్సిలుతో (మెత్తగా, ముదురుగా గీసేది), తేలిక చేత్తో, తిన్నని గీతలతో ఒక పెట్టె గీయండి. పైముఖం, ఎండ పడే ముఖం, ఎండ పడని ముఖం. ఈ మూడూ తేలాకే మూలలను కొద్దిగా అరగదీయండి. అరగదీయడమంటే మొత్తం తుడిచి వంపు తిప్పడం కాదు. మూల దగ్గర ఇంకో చిన్న తిన్నని గీత చేర్చడమే. నాలుగైదు తిన్నని గీతలు కలిసి తెచ్చే వంపులో ఉండే బరువు ఒకే ఊపులో తిప్పిన వంపులో రాదు. పక్కపక్కనే రెండూ వేసి చూసుకోండి, నేను చెప్పాల్సిన పని ఉండదు.

ఒకదానిపై ఒకటి ఉన్న గుండ్లయితే నడుమ సందును ముందు గీయండి. పై గుండు అడుగు, కింది గుండు నెత్తి ఒకప్పుడు ఒకే పగులుకు రెండు పక్కలు. ఆ రెండు గీతలూ ఇంచుమించు ఒకే వాలులో ఉండేలా చూసుకుంటే చాలు, పై బండ జారిపోతుందేమోనన్న అనుమానం చూసేవాళ్లకు రాదు.

ఇక ఎండ సంగతి. ఆరుబయట వేసేవాళ్లకు దీనిదే పెద్ద పేచీ. జనవరి నడుమ హైదరాబాదులో ఉదయం 8 గంటలకు సూర్యుడు సుమారు 15 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నీడ వస్తువు ఎత్తుకు మూడున్నర రెట్లు దాటి ఉంటుంది. 10 గంటలయ్యేసరికి అది ఒకటింబావు రెట్లకు కుదించుకుపోతుంది. మనం కుంచె కడుక్కుని, పక్కవాళ్ల బొమ్మ చూసి, టీ తాగి వచ్చేలోపు బొమ్మలో సగం నీడ నేల మీద ఉండదు. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో నగరంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజులుంటాయి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే పడదు. అలాంటి వేళ బండకు పైముఖం ఒక్కటే వెలుగుతుంది, పక్క ముఖాలు రెండూ కలిసిపోతాయి. అందుకే వేసవిలో పొద్దెక్కకముందే పని ముగించాలి. ఎండదెబ్బ భయం ఎటూ ఉంది.

మార్గం ఒక్కటే. కూర్చోగానే నీడ అంచును గీసేయండి. బండ మీది నీడ, నేల మీది నీడ రెండూ. పక్కన గంట రాయండి. ఆ తర్వాత సూర్యుడు ఎటు పోయినా మీ నీడ అక్కడే ఉండాలి. గంట గడిచాక నేల మీది నీడ ఇంకా అందంగా కనిపించి, దాన్నీ చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. అంతగా మనసు పడితే ఇంకో కాగితం తీయండి. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1890–91లో గడ్డివాములను చిత్రించినప్పుడు అదే చేశాడు, వెలుగు మారగానే కాన్వాసూ మార్చేవాడు.

గంట రాసుకునే అలవాటు ఇంకా పాతది. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ శివారు హాంప్‌స్టెడ్‌లో మేఘాలను చిత్రించి, చాలా వాటి వెనక తేదీ, వేళ, గాలి వాటం రాసిపెట్టాడు. మా బృందంలోనూ షీటు వెనక తేదీ, గంట, మీరు చూస్తున్న దిక్కు రాయకుండా బొమ్మ చూపించకూడదన్నది నియమం. సంతకం లేకపోయినా ఎవరూ పట్టించుకోరు.

రంగులు మూడు చాలు: ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), అల్ట్రామెరీన్ నీలం (ముదురు నీలం). నల్లరంగు ట్యూబు ఇంట్లోనే వదిలిరండి. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. బండ మొత్తం ఆ రెండింటి నడుమే దొరుకుతుంది. మన గ్రానైటులో గులాబి ఛాయ ఉన్న చోట్ల, అంటే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎక్కువున్న చోట్ల, సియెన్నాను బాగా పలచన చేసి వాడండి.

మొదటి పూత: ఎండ ముఖానికి నీళ్లలాంటి ఆకర్. పైముఖాన్ని దాదాపు తెల్లగా వదిలేయండి. అది ఆరనివ్వండి. రెండో పూత నీడ, ఇక్కడే ఈ పాఠమంతా ఉంది. ఎండ పడని ముఖాన్నీ నేల మీది నీడనూ విడివిడిగా వేయకండి. 8వ నంబరు గుండ్రటి కుంచెను నిండా ముంచి, బండ పైఅంచు దగ్గర మొదలుపెట్టి, కిందికి దించి, ఆపకుండా నేల మీదికి లాగేయండి. లాగుతున్నప్పుడే రంగు మార్చాలి. ఆకాశం చూసే పైభాగంలో నీలం కాస్త ఎక్కువ, నేలకు దగ్గరయ్యేకొద్దీ సియెన్నా ఎక్కువ. ఎర్రమట్టి మీద పడిన ఎండ తిరిగి బండ పొట్టకు తగులుతుంది కనుక అక్కడ నీడ కూడా వెచ్చగా వెలుగుతుంది. ఖాజాగూడలో మోకాళ్ల మీద కూర్చుని గుండు అడుగుభాగాన్ని చూడండి. పైనున్న బూడిదరంగు జానెడు దూరంలో గోధుమవన్నెకు, ఇంకా కిందికి ఇంచుమించు నారింజకు మారుతుంది. సరిగ్గా నేలను తాకే చోట మాత్రం సన్నని చీకటి గీత ఉంటుంది. బొమ్మ మొత్తంలో అన్నిటికంటే ముదురు అదే. దాన్ని చివరన పెట్టండి.

పగుళ్లు, వాన నీరు జారి ఏర్పడిన నల్లటి చారలు, బూడిదాకుపచ్చ రాతిపాచి మచ్చలు, ఇవన్నీ మూడో పూత. నాలుగు చోట్ల వేసి చేతులు కట్టుకోండి. ఇవి వేయడం సరదాగా ఉంటుంది కాబట్టే బొమ్మలు వీటి దగ్గరే పాడవుతాయి.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉండాలి. పల్చనిది తడికి ఉబ్బి నీటిని గుంటల్లో నిలబెడుతుంది. షీటు మీద నేరుగా ఎండ పడకూడదు. తెల్లకాగితం ఎండలో మెరిసిపోతుంటే రంగు చాలలేదనిపించి ముదురుగా వేస్తూ పోతాం, ఇంటికొచ్చి చూస్తే మసిబారి ఉంటుంది. గొడుగు తెచ్చుకుంటే తెల్లదో నల్లదో తెచ్చుకోండి, ఎర్ర గొడుగు కింద ఏ రంగూ దాని రంగులో కనిపించదు. ఏప్రిల్ గాలికి పూత మధ్యలోనే ఆరిపోతుంది కనుక కుంచె పెద్దది, నీరు ఎక్కువ. జూలైలో ఎంతకీ ఆరదు. అప్పుడు మేం బండలకు సెలవిచ్చి మొజంజాహి మార్కెట్ కమానుల కింద చేరతాం.

సైజు గురించి ఒక మాట. మా తొలి కసరత్తు ఎప్పుడూ పోస్టుకార్డంత కాగితం మీదే. ఇది బృందాన్ని మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన అలవాటు. ఆయన ఇక్కడి ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో చదివినవారు. అక్కడ పాఠాలు చెప్పిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. నందలాల్ బోస్ ఎక్కడికి వెళ్లినా పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి పంపేవారు. చిన్న కాగితంలో వివరాలకు చోటుండదు, మూడు ముఖాలకు మాత్రం ఉంటుంది.

పని అయ్యాక షీట్లన్నీ ఒక చదును బండ మీద పరిచి, ఎగిరిపోకుండా మూలల్లో గులకరాళ్లు పెడతాం. బాగుంది, బాగాలేదు అనే మాటలు అక్కడ చెల్లవు. ఒక్కొక్కరూ పక్కవారి బొమ్మ చూసి అది ఎన్ని గంటలకు వేసిందో చెప్పాలి. తర్వాత షీటు తిప్పి చూస్తాం. అందరూ ఇంచుమించు ఒకే వేళ చెబితే నీడ కుదిరినట్టు. ఒకరు ఎనిమిది, ఇంకొకరు పదిన్నర అంటే ఆ బొమ్మలో ఇద్దరు సూర్యులున్నట్టు. ఇంతకంటే నిష్పాక్షికమైన విమర్శ నేను చూడలేదు.

ఆ షీట్ల పాత కట్టలకు ఇప్పుడు ఇంకో విలువ వచ్చింది. నగరం పడమటికి పెరిగేకొద్దీ పునాదులకని, రోడ్లకని ఎన్నో గుండ్లను పగలగొట్టారు. వాటిని కాపాడాలని 1996 నుంచి 'సొసైటీ టు సేవ్ రాక్స్' పనిచేస్తోంది, కొన్ని శిలా సమూహాలు వారసత్వ జాబితాకూ ఎక్కాయి. మిగిలినవాటికి ఆ భాగ్యం లేదు. మా పాత కట్టల్లో ఉన్న కొన్ని గుండ్లు ఇవాళ కాగితం మీదే ఉన్నాయి. వెనక దిక్కు, తేదీ రాసి ఉండటంతో ఏది ఎక్కడ ఉండేదో ఇప్పటికీ వేలుపెట్టి చూపించగలం. అందుకే మీరు కూర్చున్న చోటు పేరు కూడా రాయండి, 'గుట్ట దగ్గర' అని కాకుండా ఏ మలుపు పక్కన, దేనికి ఎదురుగా అన్నది.

ఇంటిపని: ఒకే బండను ఒకే చోట కూర్చుని రెండు పోస్టుకార్డుల మీద వేయండి. ఒకటి పొద్దున్నే, ఇంకొకటి సాయంత్రం 4 గంటల తర్వాత. గుట్టకు వెళ్లలేనివాళ్లకు వీధి చివర గుండో, కట్టుబడికి తెచ్చిన రాయో అయినా సరే. రెంటికీ పెన్సిలు గీత ఒకేలా ఉండాలి, నీడ పూత మాత్రమే మారాలి. ఐదో పాఠానికి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కలుద్దాం. అక్కడి గుమ్మటాలు నిజంగానే గుండ్రం, కాబట్టి పెట్టె లెక్క పనిచేయదు. తడి అంచును మెత్తబరచడానికి ఒక పొడి కుంచె, పాత నూలు గుడ్డ వెంట తెచ్చుకోండి.