వ్యాసం సైట్‌లో ఉంది, వెతికితే దొరకట్లేదా? ముందు పీడీఎఫ్ తెరవండి

ఓజేఎస్‌లో (ఓపెన్ జర్నల్ సిస్టమ్స్, పరిశోధన పత్రికలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) పత్రిక పెట్టి, ఒకటి రెండు సంచికలు తెచ్చి, "ఇంత కష్టపడ్డాం, ఎవరికీ చేరట్లేదండీ" అనేవాళ్ల కోసం ఇది. చెన్నైలో ఉంటూ తెలుగు, ఇంగ్లీషు వ్యాసాలు కలిపి గ్రంథాలయ శాస్త్ర పత్రికలు నడిపేవాళ్ల నుంచే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి. ఓజేఎస్ ఇన్‌స్టాల్ చేయడం, సంచిక పబ్లిష్ చేయడం వచ్చనే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ సేవ) మన వ్యాసాలు రావట్లేదు, లేదా శీర్షిక కొడితే తప్ప రావట్లేదు

ఇది చూడగానే అందరూ హోస్టింగ్ వాళ్ల మీద పడతారు. ప్లగిన్లు మారుస్తారు, థీమ్ మారుస్తారు, ఎస్ఈఓ (వెతికితే సైట్ పైన కనిపించేలా చేసే పని) చేస్తామన్న వాళ్లకి డబ్బు కడతారు. దయచేసి ఆగండి. వ్యాసం పీడీఎఫ్ తెరవండి. మధ్యలో ఒక తెలుగు పేరా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అర నిమిషం పని. ఇది చేశారా అని అడిగితే "అది బాగానే ఉందండీ, చదవడానికి వస్తోంది కదా" అంటారు. చదవడానికి రావడం వేరు, పేస్ట్ చేస్తే తెలుగు రావడం వేరు.

పేస్ట్ చేసినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న వింత అక్షరాలు వరసగా వచ్చాయా? మీ పీడీఎఫ్ అను ఫాంట్లలో, లేదా అలాంటి పాత డీటీపీ ఫాంట్లలో తయారైంది. ఆ ఫాంట్లలో 'క' అనేది కంప్యూటర్‌కి 'క' కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు, తలకట్లు, ఒత్తులు కూర్చోబెట్టారు. కంటికి కనిపించేది తెలుగే, ఫైలు లోపల ఉన్నది మాత్రం వేరు. అచ్చుకి అది చాలు. దశాబ్దాల పాటు తెలుగు పుస్తకాలు అలాగే అందంగా వచ్చాయి, ఆ ఆపరేటర్ల పనితనానికి వంక పెట్టడానికి లేదు. కానీ సెర్చ్ ఇంజన్ చదివేది లోపలి కోడ్‌ని. కంటిచూపు లేని పాఠకుడి స్క్రీన్ రీడర్ చదివేదీ అదే. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవొచ్చు) అని బోర్డు పెట్టి, ఆ పాఠకుడి ముందు తలుపు మూసేసినట్టే.

ఇది ఎందుకు బయటపడదో చెప్తాను. ఓజేఎస్‌లో శీర్షిక, రచయిత పేరు, సారాంశం మనం యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) టైప్ చేస్తాం. అందుకని శీర్షిక కొడితే వ్యాసం పేజీ వచ్చేస్తుంది. సంపాదకుడికి అది చాలు, సంతోషపడిపోతాడు. రివ్యూయర్ కళ్లతో చదువుతాడు, ప్రూఫ్ చూసేవాళ్లూ కళ్లతోనే చూస్తారు. ఎక్కడా ఎవరికీ లోపం తగలదు. ఒక పత్రికలో చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని బ్రౌన్ సేకరణ మీద మంచి వ్యాసం వచ్చింది. ఏ తాళపత్ర ప్రతి ఎలా ఉందో పేరుపేరునా రాశారు. ఆ ప్రతుల పేర్లలో ఏది కొట్టినా వ్యాసం రాదు. పరిశోధకుడు వెతికేది ఆ పేర్లతోనే. మన వ్యాసం శీర్షిక అతనికి ముందే తెలిసి ఉంటే వెతకాల్సిన పనేముంది?

అసలు ఏదీ సెలెక్టే కాకపోతే ఇంకో కారణం. ప్రెస్‌కి పంపే ఫైలునే సైట్‌కీ పంపారు. ఆపరేటర్‌ని అడగండి. "ప్రెస్‌లో మన ఫాంట్ ఉండదు సార్, అందుకే కర్వ్స్ చేసి ఇచ్చాను" అంటాడు. అతని వైపు నుంచి అది సరైన పనే. కర్వ్స్ చేశాక అక్షరాలు ఉండవు, గీతలే మిగులుతాయి. స్కాన్ చేసి పెట్టిన పాత సంచికలదీ ఇదే గతి, వాటికి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేయించాలి.

పరిష్కారం అనగానే పాత ఫాంట్‌ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ వైపు పరిగెత్తుతారు. కన్వర్టర్ వాడండి, కానీ అక్కడ ఇంకో గుంట ఉంది. తెలుగు వ్యాసం చివర ఇంగ్లీషు పుస్తకాల జాబితా ఉంటుంది. దాన్ని మామూలు టైమ్స్ ఫాంట్‌లో పెట్టి ఉంటారు. పాత తెలుగు ఫాంట్ వాడుకున్నదీ ఆ ఇంగ్లీషు స్థానాలనే కాబట్టి, ఫైలంతా ఒకేసారి కన్వర్టర్‌లో పోస్తే ఆ ఇంగ్లీషు పేర్లన్నీ అర్థం లేని తెలుగు అక్షరాలైపోతాయి. మొదటి పేజీ చూసి "భలే వచ్చింది" అనుకుని అప్‌లోడ్ చేస్తే, ఉపయుక్త గ్రంథాల జాబితా మొత్తం పాడైపోయి సైట్‌కి ఎక్కుతుంది. కాబట్టి తెలుగు ఫాంట్‌లో ఉన్న భాగాల్ని మాత్రమే మార్చాలి. మార్చాక చివరి పేజీ నుంచి వెనక్కి ప్రూఫ్ చూడండి. ఒత్తులూ క్రావడీ చోటు తప్పడం మామూలే, అంకెల మీద కూడా కన్నేయండి.

రాబోయే సంచికల నుంచి ఈ బాధ ఉండకూడదంటే ఆపరేటర్‌తో మొదటి రోజే మాట్లాడుకోండి. వ్యాసం యూనికోడ్‌లోనే రావాలి, పేజీలు యూనికోడ్‌లోనే పెట్టాలి. మండలి, పోతన, నోటో లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇన్‌డిజైన్ వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, లేదంటే సంయుక్తాక్షరాలు విడిపోతాయి. ప్రెస్‌కి ఒక ఫైలు, వెబ్‌కి ఒక ఫైలు. యూనికోడ్ పీడీఎఫ్‌లో కూడా తెలుగు కాపీ చేస్తే ఒక్కోసారి ఒత్తులు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ప్రతి తెలుగు వ్యాసానికీ పీడీఎఫ్‌తో పాటు హెచ్‌టీఎంఎల్ గ్యాలీ (బ్రౌజర్‌లో వెబ్ పేజీలా తెరుచుకునే ప్రతి) కూడా పెట్టండి. నన్నడిగితే తెలుగుకి అదే అసలు ప్రతి.

అను కథ కాదని తేలాక మిగతావి చూడండి. సంచికంతా ఒకే పీడీఎఫ్‌గా పెడితే స్కాలర్ తీసుకోదు, ఏ వ్యాసానికి ఆ వ్యాసం ఫైలు విడిగా ఉండాలి. ఫైలు 5 ఎంబీ దాటకూడదు. లాగిన్ అడక్కుండా తెరుచుకోవాలి. తప్పు ఫైలు ఒకసారి ఇండెక్స్ అయ్యాక, సరిచేసినది మళ్లీ చదవడానికి నెలలు పట్టొచ్చు. అందుకే అప్‌లోడ్‌కి ముందే ఆ పేస్ట్ పరీక్ష చేయమని ఇంతగా చెప్తున్నాను.

లక్షణం: డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ పత్రికల అంతర్జాతీయ జాబితా) దరఖాస్తు తిరిగొచ్చింది

ఎక్కువసార్లు ఐఎస్ఎస్ఎన్ (పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబరు) దగ్గరే తేడా ఉంటుంది. అచ్చు పత్రికకి ఒక నంబరు, ఆన్‌లైన్‌కి ఇంకొకటి. అచ్చు నంబరు ఒక్కటే తీసుకుని సైట్ మీద వేసుకుంటారు. లేదా ఐఎస్ఎస్ఎన్ పోర్టల్లో ఒక పేరు, సైట్ నెత్తిన ఇంకో పేరు ఉంటుంది. మన దేశంలో ఈ నంబర్లు ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ నిస్పర్ నుంచి వస్తాయి, రుసుము లేదు. పేరు అక్షరం పొల్లుపోకుండా రెండు చోట్లా ఒకటే ఉండాలి. ఆ తర్వాత లైసెన్స్ ఏదో, కాపీరైట్ ఎవరిదో సైట్‌లో స్పష్టంగా రాయండి. సంపాదక వర్గం సభ్యుల పేర్ల పక్కన వాళ్ల సంస్థలు ఉండాలి. ఏడాదికి కనీసం 5 పరిశోధన వ్యాసాలు రావాలి. తిరస్కరిస్తే మళ్లీ పెట్టుకోవడానికి ఆరు నెలలు ఆగాలి, కాబట్టి తొందరపడకండి.

లక్షణం: మొదటి సంచిక ఘనంగా వచ్చింది, రెండోదానికి వ్యాసాల్లేవు

చేతిలో ఉన్నవన్నీ మొదటి సంచికలోనే పెట్టేశారు. రెండో సంచికకి సరిపడా వ్యాసాలు రివ్యూలో ఉన్నప్పుడే మొదటిది విడుదల చేయండి. త్రైమాసికం అని ప్రకటించి ఆలస్యం చేయడం కన్నా, ఏడాదికి రెండు అని చెప్పి చెప్పిన నెలలోనే తేవడం నయం. "యూజీసీ కేర్‌లో (యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితా) ఉందా" అని రచయితలు ఇంకా అడుగుతూనే ఉంటారు. ఆ జాబితాని యూజీసీ 2025లో ఆపేసిందని మర్యాదగా చెప్పి, మీ రివ్యూ పద్ధతి పేజీ లింకు పంపండి. ఆ పేజీ నిజంగా మీరు చేసేదే చెప్పాలి.

లక్షణం: రివ్యూయర్లు ఉలకరు పలకరు

వాళ్లని తప్పు పట్టే ముందు ఆహ్వానం అందిందో లేదో ఫోన్ చేసి అడగండి. స్పామ్‌లో ఉంటుంది. ఓజేఎస్ మెయిల్‌ని సర్వర్ నుంచి ఊరికే పంపకుండా ఎస్ఎంటీపీ (అసలైన మెయిల్ ఖాతా) ద్వారా పంపండి, డొమైన్‌కి ఎస్పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) పెట్టించండి. గడువు గుర్తుచేసే మెయిల్స్ వెళ్లట్లేదంటే సర్వర్‌లో క్రాన్ జాబ్ (నిర్ణీత సమయాల్లో తనంతట తానే నడిచే పని) పెట్టారో లేదో చూడండి.

లక్షణం: డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత లింకు నంబరు) నొక్కితే దొరకలేదంటోంది

ఓజేఎస్ నంబరు ఇచ్చింది, మీరు క్రాస్‌రెఫ్‌కి (డీఓఐలు నమోదు చేసే సంస్థ) డిపాజిట్ చేయలేదు, అంటే వ్యాసం వివరాలు, లింకు పంపలేదు. చేయండి, పనైపోతుంది. డిపాజిట్ చేశాక కూడా పాత పేజీకే పోతుంటే సైట్ చిరునామా మారి ఉంటుంది, కొత్త లింకులతో మళ్లీ పంపండి.

ఇక సైట్ హ్యాక్ కావచ్చు, డేటాబేస్ చెడిపోవచ్చు. అందుకే బ్యాకప్ తప్పక ఉండాలి. ఒక్క మాట: ఓజేఎస్‌లో వ్యాసాల ఫైళ్లు వెబ్ ఫోల్డర్ బయట వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. డేటాబేస్ ఒక్కటే దాచుకున్నవాళ్లకి శీర్షికలు తిరిగొస్తాయి, వ్యాసాలు రావు. ఆ ఫోల్డర్ ఎక్కడుందో కాన్ఫిగ్ ఫైల్లో చూసి, బ్యాకప్‌లో దాన్నీ చేర్చండి.