వృత్తి జీవితానికి దారిపటం – మూడో పాఠం: లక్ష్యంలో మీ వంతు ఎంత?

నోటు పుస్తకం తెరవండి. రెండేళ్ల తర్వాత ఉద్యోగంలో మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయమని పోయిన పాఠం చివర అడిగాను. రాయనివారు ఇప్పుడే రాసి ముందుకు రండి. సొంత వాక్యం చేతిలో లేకుండా ఈ పాఠం చదివితే, ఒడ్డున కూర్చుని ఈత గురించి విన్నట్టే ఉంటుంది.

రాసినవారు ఆ వాక్యాన్ని మీరెవరో బొత్తిగా తెలియని మనిషికి ఇచ్చారనుకోండి. రెండేళ్ల తర్వాత ఆ మనిషి వస్తాడు. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగడు. మీ పని కాగితాలు మాత్రం చూసి ‘జరిగింది’ అనో ‘జరగలేదు’ అనో చెప్పగలగాలి. ‘ఉద్యోగంలో బాగా ఎదగాలి’ అనే వాక్యంతో అతడు ఏమీ చెప్పలేడు. ‘నాయకత్వ లక్షణాలు పెంచుకోవాలి’ అన్నా అంతే. నా సంగతే చెబుతాను. ఏటా జనవరిలో డైరీ మొదటి పేజీలో ‘రాత మెరుగుపరచుకోవాలి’ అని అయిదేళ్లు వరుసగా రాసుకున్నాను. అయిదు డిసెంబర్లు వచ్చి వెళ్లాయి, ఆ వాక్యం నన్ను ఒక్కసారి కూడా నిలదీయలేదు. నేను తప్పానో నెగ్గానో దానికి తెలిస్తే కదా! ఆరో ఏడు ‘నెలకు ఒక వ్యాసం పూర్తి చేసి, మొహమాటం లేకుండా తప్పులు చెప్పే ఒకరికి చూపిస్తాను’ అని మార్చాను. మార్చి నెల వచ్చేసరికే సిగ్గుపడాల్సి వచ్చింది. ఆ సిగ్గే పనిచేసింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రచురించిన వ్యాసంతో మొదలుపెట్టి, ఆ తర్వాత గారీ లేథమ్‌తో కలిసి దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పరిశోధించాడు. ‘నీకు చేతనైనంత బాగా చెయ్యి’ అని చెప్పించుకున్నవారి కంటే, కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవారి పని మెరుగ్గా ఉంటుందని తేలింది. ‘చేతనైనంత’ అనే మాటకు కొలత ఎవరికి వారే పెట్టుకుంటారు మరి. అలసిపోయిన రోజున ఆ కొలత తనంతట తానే కిందికి దిగుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. బొత్తిగా కొత్త పని నేర్చుకుంటున్నప్పుడు మొదటి రోజు నుంచే పెద్ద అంకె ముందు పెట్టుకుంటే అది అడ్డమే అవుతుంది. 1989లో రూత్ కాన్‌ఫర్, ఫిలిప్ అకర్‌మన్ అమెరికా వైమానిక దళ శిక్షణార్థుల చేత విమానాల రాకపోకలను నియంత్రించే పనిని నమూనాగా చేయించి చూశారు. నేర్చుకునే తొలి దశలోనే కఠిన లక్ష్యం ఇస్తే పని దెబ్బతింది. నేర్చుకోవడానికి కావలసిన ధ్యాసలో కొంత అంకెను చూసుకోవడానికే పోయింది. కాబట్టి మీ వాక్యం కొత్త విద్యకు సంబంధించినదైతే, ‘నెలకు ఇన్ని చేస్తాను’ అని కాకుండా ‘ఈ పనిని ఎన్ని పద్ధతుల్లో చేస్తారో తెలుసుకుని, మూడింటిని స్వయంగా చేసి చూస్తాను’ అని రాయండి. అంకెలు ఆరు నెలలు ఆగగలవు.

పనిలో పనిగా ఒక కథ సంగతి కూడా తేల్చేద్దాం. 1953లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నవారిలో 3 శాతం మందే లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారనీ, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మిగతా 97 శాతం మంది ఆస్తినంతా కలిపినా వారి ఆస్తికి సరిపోలేదనీ ఉపన్యాసాల్లో చెబుతుంటారు. అలాంటి అధ్యయనం జరగనే లేదు. లక్ష్యాన్ని రాసుకోవడం మంచిదే, అందుకే మీ చేత రాయిస్తున్నాను. అయితే రాసినంత మాత్రాన అది మీ కోసం పనిచేసి పెడుతుందని ఆశపడకండి.

అయిదు అక్షరాల్లో మారిపోయిన ఒకటి

లక్ష్యాల గురించి ఏ శిక్షణ తరగతికి వెళ్లినా ‘స్మార్ట్’ అనే మాట వినిపిస్తుంది. ఆ ఆంగ్ల పదంలోని అయిదు అక్షరాలకు అయిదు షరతులు. జార్జ్ డోరన్ 1981లో ఒక పత్రికా వ్యాసంలో దీన్ని ప్రతిపాదించాడు. స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి అనే మొదటి రెండు అందరికీ తెలిసినవే. మూడో అక్షరానికి ఈ రోజు ఎవరిని అడిగినా ‘సాధ్యమయ్యేది’ అంటారు. డోరన్ రాసింది అది కాదు. ‘ఈ పని ఎవరు చేస్తారో చెప్పగలగాలి’ అన్నాడు. ఆయన రాసింది సంస్థల్లోని అధికారుల కోసం, కాబట్టి ఆ ప్రశ్న సహజమే. పైగా ప్రతి లక్ష్యానికీ అయిదు షరతులూ వర్తించాలన్న పట్టు కూడా ఆయనకు లేదు.

అధికారుల కోసం పుట్టిన ఈ పద్ధతి వ్యక్తుల డైరీల్లోకి వచ్చేసరికి, ఆ మూడో ప్రశ్న అనవసరం అనిపించి జారిపోయి ఉంటుందని నా అనుమానం. నా లక్ష్యం నేను కాక ఇంకెవరు చేస్తారు అనుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఒక వాక్యాన్ని విడదీసి చూద్దాం

అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఒక ఉద్యోగిని ఊహించుకోండి. ఆమె రాసిన వాక్యం: ‘రెండేళ్లలో టీమ్ లీడర్ కావాలి.’ ముక్కూమొహం తెలియని ఆ మనిషి పెట్టే పరీక్షలో ఇది హాయిగా నెగ్గుతుంది. గడువు ఉంది, అయిందో లేదో తేలిగ్గా చెప్పవచ్చు. ఇప్పుడు డోరన్ ప్రశ్న వేయండి. ఈ పని ఎవరు చేస్తారు? ఆ పదవి ఖాళీ కావాలి. పై అధికారి సిఫారసు చేయాలి. ఆ ఏడాది సంస్థ పదోన్నతులు ఇచ్చే స్థితిలో ఉండాలి. అదే కుర్చీ మీద కన్నేసిన మరొకరు ఆమె కంటే వెనకబడి ఉండాలి. ఇందులో ఆమె చేసే పని ఒక్కటీ లేదు. వాక్యంలో కర్త ఆమే, క్రియలన్నీ ఇతరులవి.

అలాగని ఆ వాక్యాన్ని కొట్టేయనక్కరలేదు. పేజీ మధ్యలో పైనుంచి కిందికి ఒక నిలువు గీత గీయండి. ఎడమ వైపు ఇతరులు నిర్ణయించేవి రాయండి. కుడి వైపు మీరు చేసేవి. ఎడమ వైపు అయిదు నిమిషాల్లో నిండుతుంది. కుడి వైపు కోసం ఊహలు అల్లవద్దు, వెళ్లి అడగాలి.

అడగడంలో కూడా ఒక తీరు ఉంది. ఆ స్థానానికి చేరినవారిని ‘మీరు ఎలా ఎదిగారండీ?’ అని అడిగితే కష్టం, నిజాయితీ, అదృష్టం గురించి చక్కటి ఉపన్యాసం వస్తుంది, పనికొచ్చే ముక్క ఒక్కటీ రాదు. ‘మీకు ఈ బాధ్యత ఇవ్వడానికి ముందు ఏడాదిలో మీరు ఏయే పనులు చేసేవారు?’ అని అడగండి. ఇక నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారిని అడగాల్సింది వేరే ప్రశ్న: ‘ఈ పదవికి నా పేరు వస్తే, మీకు సందేహం కలిగేది ఏ విషయంలో సార్?’ ఈ మాట అడగడానికి నోరు పెగలదు, నిజమే. కానీ ఏడాదికొకసారి అప్రైజల్‌లో దొరికే నాలుగు పొడి వాక్యాల కంటే దీనికి వచ్చే జవాబు ఎంతో విలువైనది. వారు చెబుతుండగా సమర్థించుకోకండి, రాసుకోండి. ఇద్దరి జవాబులు పొసగకపోతే, నిర్ణయం తీసుకునే మనిషి చెప్పినదానికే పెద్దపీట వేయండి.

ఎవరిని అడగాలన్నదాని గురించి ఒక మాట. దగ్గరి స్నేహితులకు తెలిసిన కబుర్లు చాలావరకు మీకూ తెలిసినవే అయి ఉంటాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆ పరిచయస్థులను ఎంత తరచుగా కలిసేవారని అడిగిన లెక్క ఉంది. తరచూ అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. ఆయన లెక్కించింది 54 మందినే కాబట్టి అంకెలను పట్టుకుని వేలాడనక్కరలేదు. కారణం మాత్రం బలంగా ఉంది: దూరపు పరిచయస్థులు మనం తిరగని చోట్ల తిరుగుతారు. మీరు అడిగే ముగ్గురిలో ఒకరైనా, ఏడాదిగా మీరు పలకరించని మనిషి అయ్యేలా చూసుకోండి.

మన అకౌంట్స్ ఉద్యోగికి వచ్చిన జవాబులు ఇవి అనుకుందాం. ఆమె నెలాఖరు లెక్కలు బాగానే చేస్తుంది కానీ చివర్లో పై అధికారి ఒకసారి సరిచూడాల్సి వస్తోంది. కొత్తగా చేరినవారు ఆమె దగ్గరికి కాకుండా వేరొకరి దగ్గరికి వెళ్తున్నారు. సమావేశాల్లో ఆమె అంకెలు ఇస్తుంది, వాటి అర్థం మాత్రం ఇంకెవరో చెబుతున్నారు. కుడి వైపు రాయాల్సింది వీటిని, అదీ కంటికి కనిపించే నిదర్శనాలుగా: ‘వచ్చే ఆరు నెలల్లో వరుసగా మూడు నెలల లెక్కలు సవరణ అవసరం లేకుండా ముగిస్తాను.’ ‘నెలాఖరు పని పద్ధతిని నాలుగు పేజీల్లో రాసి, దాని సాయంతో కొత్త ఉద్యోగి ఒకరి చేత చేయిస్తాను.’ ‘రెండు సమావేశాల్లో ఖర్చులు ఎందుకు పెరిగాయో నేనే వివరిస్తాను.’ మూడింటిలోనూ క్రియ ఆమెదే. ఎడమ వైపు తలుపు ఈ సంస్థలో తెరుచుకోకపోయినా, ఇంకో సంస్థ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఈ మూడూ ఆమె దగ్గర ఉంటాయి.

గంటల లెక్క

ఆరంభ శూరత్వం దెబ్బతినేది ఇక్కడే. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ 37 మంది విద్యార్థులను, పట్టా కోసం రాస్తున్న పరిశోధనా వ్యాసం ఎన్నాళ్లలో ముగిస్తారో అంచనా చెప్పమన్నారు. సగటు అంచనా 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందన్నదానికి సగటు జవాబు 48.6 రోజులు. నిజంగా పట్టింది 55.5 రోజులు. వారి నిరాశ కూడా చాలినంత లేదు! మామూలు అంచనాతో పోలిస్తే ఇది ఒకటిన్నర రెట్ల పైమాటే. మందు తేలికే, చేదుగా ఉంటుందంతే: ‘ఈసారి ఎంత పడుతుంది’ అని ఆలోచించకుండా, ‘ఇలాంటి పనికి పోయినసారి ఎంత పట్టింది’ అని పాత క్యాలెండర్ చూడండి.

మన ఉద్యోగి వారానికి 5 గంటలు కేటాయిస్తానంది. పోయిన నెల తిరగేసి చూస్తే ఇలాంటి సొంత పనికి నిజంగా దొరికింది వారానికి 3 గంటలు. ఆరు నెలలంటే 26 వారాలు. అందులో నెలాఖరు హడావిడి వారాలు ఆరు పోగా 20. ఇరవై మూళ్లు అరవై గంటలు. ఇక పనులు: స్ప్రెడ్‌షీట్ కోర్సు 40 గంటలు, నాలుగు పేజీల పద్ధతి రాసి నేర్పడానికి 15, సమావేశాలకు సిద్ధం కావడానికి 10. మొత్తం 65. ఆ విద్యార్థుల అంచనా తప్పినంతే ఇదీ తప్పుతుందనుకుని 1.6 రెట్లు చేస్తే 104. అరవై గంటల సంచిలో నూట నాలుగు గంటలు పట్టవు.

ఇక్కడ అందరూ చేసేది వారాంతాల్ని కూడా అమ్మేసి గంటలు పెంచడం. పెంచకండి. పని తగ్గించండి. ఏది తీసేయాలో పై అధికారి జవాబులోనే ఉంది: ఆయన సందేహాల్లో స్ప్రెడ్‌షీట్ ఊసే లేదు. అయినా ఆ కోర్సు జాబితాలోకి ఎందుకు దూరింది? కోర్సు చేయడం హాయిగా ఉంటుంది కాబట్టి. ఒంటరిగా కూర్చుని చేసుకోవచ్చు, ఎవరూ కాదనరు, చివర ధ్రువపత్రం ఇస్తారు. నలుగురి ముందు నిలబడి అంకెలు వివరించడం అలా కాదు, అందుకే జాబితాలో చిన్నదైపోతుంది. నేనూ ఇలాంటి కోర్సుల వెనక చాలాసార్లు దాక్కున్నాను. కోర్సు తీసేస్తే మిగిలేది 25 గంటలు, 1.6 రెట్లు చేసినా 40. అరవైలో పట్టి, ఇంకా ఇరవై మిగులుతాయి. ఆ ఇరవైని ఏ కొత్త పనితోనూ నింపకండి. జ్వరాలకూ, ఊహించని పనులకూ అవి కావాలి.

రోజు, గంట, చోటు

‘వారానికి మూడు గంటలు’ అన్నది ఇంకా నేలమీదికి దిగలేదు. పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో ‘ఇలా జరిగితే, ఇలా చేస్తాను’ అనే అచ్చులో పెట్టుకున్న సంకల్పాలు ఉత్త సంకల్పాల కంటే ఎక్కువగా పనుల్లోకి దిగుతాయని చూపించాడు. సందర్భాన్ని ముందే ఎంచుకోవడం వల్ల, ఆ సందర్భమే పనిని గుర్తుచేస్తుంది. ఉదాహరణకు: ‘మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కూర్చోగానే, మెయిల్ తెరవకుండా, పద్ధతి పత్రంలో అర పేజీ రాస్తాను.’ దానికి తోడుగా ఇంకొకటి: ‘ఆ గంటలో అత్యవసర పని వచ్చిపడితే, గురువారం ఉదయం మొదటి గంట దీనికే.’ రెండో వాక్యం రాయనివారి మొదటి వాక్యం మూడు వారాలు బతికితే గొప్ప. ఇలాంటివి రెండు జతలు చాలు. పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

నాలుగో పాఠానికి రెండు వారాల గడువు ఉంది. మొదటి వారంలో గీత గీసి, ఎడమ వైపు నింపి, ముగ్గురిని అడగండి. రెండో వారంలో కుడి వైపు రెండో మూడో నిదర్శనాలు రాసి, గంటల లెక్క వేసి, ఒక జత ‘ఇలా జరిగితే’ వాక్యాలు రాయండి. అడిగిన ముగ్గురూ మొహమాటపడి ఏమీ చెప్పకపోవచ్చు, అది కూడా తేదీ వేసి రాసుకోండి. కుడి వైపు ఖాళీగా మిగిలితే సొంత ఊహలతో పూడ్చకుండా అలాగే ఉంచి తీసుకురండి. వచ్చే పాఠం ఆ ఖాళీతోనే మొదలవుతుంది.