సర్కారు లెక్కల్ని మన వీధివాళ్లకి పనికొచ్చేలా చేయడం ఎలా?

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా వీధిలో సగం మంది తెలుగువాళ్లమే. వానాకాలంలో రాజకాలువె (వాన నీళ్లు పోయే పెద్ద కాలవ) పొంగి మోకాళ్ల దాకా నీళ్లు నిలబడ్డ రోజు, కింద కిరాణా కొట్టు అక్క అడిగింది: "పూడిక తీయడానికి డబ్బులొచ్చాయంటారు కదా తమ్ముడూ, ఎంతొచ్చాయి, ఎప్పుడు తీశారు?" జవాబు ప్రభుత్వ వెబ్‌సైట్లోనే ఉంది, కాకపోతే వందల పేజీల పీడీఎఫ్‌లో. అలా పెట్టేసినంత మాత్రాన అది జనానికి అందినట్టు కాదు. అక్క చేతికి చేరేదాకా మేం ఏమేం చేశామో వరసగా చెప్తాను, మీ వీధికీ పనికొస్తుంది.

ముందు ప్రశ్న రాసుకోండి. "బెంగళూరు పనులన్నీ" అని మొదలుపెడితే రెండు వారాల్లో నీరసం వచ్చేస్తుంది. "మా కాలవకి మూడేళ్లలో ఏ పనులు మంజూరయ్యాయి, బిల్లు ఎంత చెల్లించారు?" ఇంత చాలు.

తర్వాత వెతకడం. కేంద్రం వాళ్ల డేటా డాట్ గవ్ డాట్ ఇన్ 2012 నుంచి ఉంది కానీ వీధి దాకా దిగే వివరాలకి అది పెద్దగా పనికిరాదు. ఓపెన్‌సిటీ డాట్ ఇన్‌లో పాలికె (నగర కార్పొరేషన్) బడ్జెట్లు, వార్డు మ్యాపులు ఉంటాయి, ముందు అక్కడ చూడండి. దొరక్కపోతే ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేయండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు. కర్ణాటకలో ఒక దరఖాస్తుకి ఒకే విషయం, అదీ 150 పదాల్లోపు. అందులో "ఎక్సెల్ ఫైలుగా ఇవ్వగలరు" అని తప్పకుండా రాయండి, ఎందుకంటే మామూలుగా అడిగిన రూపంలోనే ఇవ్వాలని చట్టంలోని సెక్షన్ 7(9) చెప్తోంది. మొదటిసారి మేం ఆ ముక్క రాయలేదు. వంకరగా తీసిన జెరాక్స్ కట్ట వచ్చింది, ప్రతి పేజీలో కుడి పక్క చివరి కాలమ్ తెగిపోయింది, బిల్లు మొత్తం ఉన్నది సరిగ్గా ఆ కాలమ్‌లోనే.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. పీడీఎఫ్‌లో చక్కగా కన్నడంలా కనిపించేది కాపీ చేసి షీట్‌లో పెడితే, ఇంగ్లీషు అక్షరాలకి కొమ్ములు, చుక్కలు తగిలించినట్టు గజిబిజిగా వస్తుంది. కన్నడ టైపింగుకి వాడే పాత నుడి ఫాంటు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, అందుకే. నుడి నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లున్నాయి, వాటిలో వేస్తే చాలావరకు సరిపోతుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గరే కాబట్టి నాలుగు రోజులు కూర్చుంటే చదివేయొచ్చు. చరండి అంటే మురుగు కాలవ, హూళు అంటే పూడిక, ఈ రెండు మాటలు పెట్టి వెతికితేనే మాకు కావాల్సిన వరసలు బయటపడ్డాయి. టేబుల్ బయటికి తీయడానికి టాబ్యులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ స్కాన్ చేసిన పేజీల మీద అది పని చేయదు. అవి చేత్తో టైప్ చేసుకుని, కూడిక అడుగున ఉన్న మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకోండి.

శుభ్రం చేసేటప్పుడు అసలు కాలమ్‌ని ముట్టుకోకండి, పక్కన కొత్తది పెట్టుకోండి. డబ్బు ఒక వరసలో లక్షల్లో, ఇంకో వరసలో రూపాయల్లో ఉంటుంది. ఒకే రోడ్డు పేరు మూడు రకాలుగా రాసి ఉంటుంది. వార్డు నంబర్లని అస్సలు నమ్ముకోవద్దు: 198 వార్డుల నాటి నంబరు వేరు, 225 అన్నప్పటిది వేరు, 2025 సెప్టెంబరులో బెంగళూరు పాలికె ఐదు కార్పొరేషన్లయ్యాక మళ్లీ అన్నీ మారాయి. నంబరు పక్కన ఏ సంవత్సరం మ్యాపో రాయండి. ఫిర్యాదుల జాబితాల్లో ఎవరివైనా ఫోన్ నంబర్లుంటే తీసేయండి.

ఇక అందించడం. వాట్సాప్‌లో తెరిచేలా ఒకే బొమ్మ, తెలుగులోనూ కన్నడంలోనూ. చోటు పేరు ఇంజినీర్లు రాసినట్టు కాకుండా "గుడి వెనక", "బస్టాపు ఎదురుగా" అని జనం చెప్పుకునేట్టు ఉండాలి. పంపేముందు ఒకరికి చూపించండి. మా మొదటి కాగితం మీద "అంచనా మొత్తం", "చెల్లించిన మొత్తం" అని రెండు కాలమ్‌లుండేవి. అక్క రెండూ వేళ్ల మీద కూడి "ఇంత తినేశారా!" అంది. తప్పు ఆవిడది కాదు, మాదే. "ఇంత ఇస్తామన్నారు", "అందులో ఇంత కట్టారు" అని మార్చాం, ఎవరికీ అనుమానం రాలేదు.

ఎక్కణ్నుంచి తీసుకున్నారో, ఏ తేదీనో అడుగున రాయండి. పని జరగలేదని మీకనిపిస్తే ఎవరి మీదా నింద వేయకుండా, మీరు వెళ్లి చూసిన రోజు, తీసిన ఫోటో మాత్రమే పెట్టండి. షీట్ లింక్ అందరికీ ఇచ్చేసి, మూడు నెలలకోసారి సరిచూసే పని ఒక మనిషికి అప్పగించండి, లేకపోతే ఏడాదికే పాతబడిపోతుంది.

మా కాగితం ఇప్పుడు అక్క కొట్లో పాల ధరల పట్టీ పక్కన అతికించి ఉంది. నీళ్లు నిలబడిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాని మార్జిన్‌లో పెన్నుతో తేదీ వేస్తున్నారు, అవన్నీ ఆదివారం మేం షీట్‌లోకి ఎక్కిస్తున్నాం.