పెద్ద గ్రంథాలయంలో వేసవి ఇంటర్న్‌గా చేరితే రోజు ఎలా నడపాలి?

డిగ్రీ పరీక్షలు అయ్యాక దొరికే నెలా నెలన్నర రోజులు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో, యూనివర్సిటీ లైబ్రరీలోనో పనిచేద్దామనుకునే వాళ్లకోసం ఇది. అక్కడ చేరితే కావలసినన్ని పుస్తకాలు చదువుకోవచ్చని చాలామంది ఆశపడతారు. చదవడానికి దొరికే టైమ్ తక్కువ, మోయాల్సిన పుస్తకాలు ఎక్కువ. అది తెలిసి చేరితే ఇబ్బంది ఉండదు.

1. ముందు అనుమతి

ప్రకటన వస్తుందని కూర్చోవద్దు. ఏప్రిల్‌లోనే ప్రిన్సిపాల్ లెటర్, బోనఫైడ్ పట్టుకొని నేరుగా వెళ్లండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర గ్రంథాలయాలకైతే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరిట దరఖాస్తు రాయండి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ అయితే లైబ్రేరియన్‌ను కలవండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని గంటలు, స్టైపెండ్ ఉంటుందా ఉండదా అన్నది మొదటి రోజే అడిగేయండి. ఇక్కడ మొహమాటపడితే చివర్లో సర్టిఫికెట్ దగ్గర టెన్షన్.

2. పొద్దున్నే పేపర్లు

తలుపులు తీయకముందే మెట్లమీద నలుగురైదుగురు పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లకు కావలసింది పేపరు. వచ్చిన పత్రికలను రిజిస్టర్‌లో ఎక్కించి, ముద్ర వేసి, బల్లమీద పెట్టండి. నిన్నటివి తేదీవారీగా ఫైల్‌లోకి పోవాలి. "తమ్మీ, జిల్లా పేజీ ఏది?" అని ఎవరో అడుగుతారు. పేజీలు విడిపోకుండా ముందే పిన్ను కొడితే ఆ వెతుకులాట తప్పుతుంది.

3. పుస్తకాన్ని దాని చోట పెట్టడం

ఇంటర్న్ చేసే అసలు పని ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. తప్పు అరలో ఉన్న పుస్తకం లైబ్రరీలో ఉన్నా లేనట్టే. రిజిస్టర్‌లో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉంటుంది, పాఠకుడి చేతికి మాత్రం రాదు.

చాలా గ్రంథాలయాల్లో 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికా లైబ్రేరియన్ మొదలుపెట్టిన దశాంశ వర్గీకరణే, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబర్ ఇచ్చే పద్ధతే, నడుస్తుంది. 300లు సామాజిక శాస్త్రాలు, 500లు సైన్సు, 800లు సాహిత్యం. తెలుగు సాహిత్యం 894.827. అందులో కవిత్వం 894.8271, నవలలు, కథలు 894.8273. హిందీ సాహిత్యం 891.43 దగ్గర ఉంటుంది.

కొత్తవాళ్లు తడబడేది చుక్క తర్వాతి అంకెల దగ్గర. 320.54, 320.9 రెండూ చేతిలో ఉన్నాయనుకోండి. యాభైనాలుగు పెద్దది కదా అని 320.9ని ముందు పెట్టేస్తారు. అది తప్పు. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చాలి: 5 ముందు, 9 తర్వాత. కాబట్టి 320.54 ముందుంటుంది. నంబర్ ఒకటే అయితే దాని కింద ఉండే రచయిత అక్షరాలు చూడాలి. తెలుగు పుస్తకాలకు వర్ణమాల వరుస. మా ప్రాంతపు లైబ్రరీల్లో ఉర్దూ పుస్తకాలూ కనిపిస్తాయి. అవి కుడి నుంచి తెరుచుకుంటాయి. మనకు వెనక అట్ట అనిపించేదే వాటి ముందు అట్ట. స్లిప్పు అంటించేటప్పుడు, ముద్ర వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

పుస్తకాన్ని పైఅంచు పట్టుకొని లాగొద్దు, వీపు చినిగిపోతుంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకొని తీయండి. అరను కుక్కి కుక్కి నింపకండి.

రోజుకు ఒకటి రెండు అరలు తీసుకొని మొదటి నుంచి చివరిదాకా నంబర్లు చదువుతూ పోండి. విసుగు పుట్టించే పనే, కానీ దొరికేవి చూస్తే నవ్వొస్తుంది. గ్రూప్స్‌కు చదివే ఎవరో తెలంగాణ చరిత్ర పుస్తకాన్ని రసాయన శాస్త్రం వెనక దాచి ఉంటారు, రేపు వేరేవాళ్లు తీసుకోకుండా! దాన్ని తీసి మామూలుగా దాని చోట పెట్టేయండి. దాచినవాళ్లు ఎవరని ఆరా తీయొద్దు. నోటిఫికేషన్ పడితే ఎవరి భయం వాళ్లది.

4. రీడింగ్ హాల్, కౌంటర్

కుర్చీమీద చేతిరుమాలు వేసి మనిషి మాయమవడం ఇక్కడ మామూలే. గొడవైతే మీరు తీర్పు చెప్పకండి, సిబ్బందికి చెప్పండి. కౌంటర్‌లో మాత్రం ఎవరినీ విసుక్కోవద్దు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నది వాళ్లే.

పరిశోధక విద్యార్థులు వచ్చి పాత పత్రికల గురించి అడుగుతారు. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నీలగిరి పత్రిక తెచ్చారనీ, నల్లగొండ జిల్లావాడే అయిన వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి, పుస్తకాలు మోసుకెళ్లి అమ్మారనీ మీకు తెలిసుంటే వాళ్లను ఏ అర దగ్గరికి తీసుకెళ్లాలో తడుతుంది. తెలియకపోతే "కనుక్కుని చెప్తా" అనండి. లేదని తొందరపడి చెప్పొద్దు.

5. మధ్యాహ్నం లోపలి పని

మే నెలలో మన దిక్కు ఎండ తెలిసిందే. పన్నెండు దాటాక బయటి పనులు పెట్టుకోకండి. సల్ల బాటిల్ వెంట ఉంచుకోండి, కానీ పుస్తకాల బల్లమీద వద్దు. కొత్త పుస్తకాలను తయారుచేయడానికి ఇదే మంచి సమయం. యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే పుస్తకంలో, వరుస నంబర్ వేసి, అదే నంబర్‌ను పుస్తకంలో రాయాలి. తర్వాత ముద్ర, వీపుమీద లేబుల్, లోపల తేదీ స్లిప్పు. చాలాచోట్ల ఒక రహస్య పేజీ కూడా ఉంటుంది. ఫలానా పేజీ అని ముందే అనుకొని ప్రతి పుస్తకంలో అక్కడే నంబర్ వేస్తారు. మొదటి పేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో తెలిసిపోతుంది. ఆ పేజీ ఏదో బయట చెప్పకండి. కంప్యూటర్‌లో కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంటే వివరాలు ఎక్కించడం అడిగి నేర్చుకోండి. తర్వాత ఎక్కువ పనికొచ్చేది అదే.

పాత పుస్తకాలను పొడి గుడ్డతో, ముక్కుకు మాస్క్ కట్టుకొని తుడవండి. చిరిగిన పేజీకి సెల్లోటేప్ వేయొద్దు. కొన్నేళ్లకు అది పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. చెద మట్టి కనిపిస్తే ఆ పుస్తకాలను వేరే పెట్టి వెంటనే చెప్పండి.

6. డైరీ, సర్టిఫికెట్

ఏ రోజు ఏ అర సర్దారో, ఎన్ని పుస్తకాలు ఎక్కించారో సాయంత్రం రెండు లైన్లు రాసుకోండి. చివరి వారం దాకా ఆగకుండా, సర్టిఫికెట్‌లో ఉండాల్సిన వివరాలు ముందే టైప్ చేసి ఇవ్వండి. తేదీలు, చేసిన పనులు, వాడిన సాఫ్ట్‌వేర్ పేరు అందులో ఉండాలి. రేపు బీఎల్‌ఐఎస్సీలో (లైబ్రరీ సైన్స్ డిగ్రీలో) చేరాలనుకుంటే ఆ వివరాలే చూపించుకోవచ్చు. సంతకం పక్కన ఆఫీసు ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకొని బయల్దేరండి.