ఏఐ ఏజెంట్ తప్పు చేస్తోందా? ముందు టూల్ వివరణ తెరవండి

భీమవరం చుట్టుపక్కల రైతులకి రొయ్యల రేట్లు, ధాన్యం నమోదు, వరద సమాచారం చూసిపెట్టే ఏఐ ఏజెంట్ ఒకటి తయారుచేశారనుకోండి. డెమోలో బాగానే ఉంటుంది. రైతుల ఫోన్లలోకి వెళ్లాకే తేడాలు బయటపడతాయి. అప్పుడు చాలామందికి మొదట తోచేది మోడల్‌ని, అంటే ఏజెంట్ వెనక ఆలోచించే ఏఐని, మార్చేయడం. ఆ ఖర్చు పెట్టుకునే ముందు టూల్ వివరణలు ఓసారి చదవండి. టూల్ అంటే రేటు తేవడం, ఆర్డర్ పెట్టడం లాంటి ఒక్కో పనికి మోడల్ పిలిచే మీ ప్రోగ్రామ్. మీ కోడ్ మోడల్‌కి కనపడదు. టూల్ గురించి దాని పేరు, వివరణ, పారామీటర్ల (టూల్‌కి పంపే విలువల) స్కీమా, అంటే వాటి పేర్లు, రకాల పట్టిక, టూల్ తిరిగిచ్చిన జవాబు, ఇంతే దానికి కనపడేది. టూల్స్‌ని ఎంసీపీ (ఏఐకి టూల్స్ కలిపే ఒక ప్రామాణిక పద్ధతి) సర్వర్ ద్వారా ఇచ్చినా, నేరుగా మోడల్ ఏపీఐలో ఇచ్చినా అంతే.

సమస్య: రొయ్యల రేటు తప్పు చెబుతోంది

"పెద్ద సైజు రేటెంతుందండీ?" అని రైతు అడిగితే ఏజెంట్ కౌంట్ దగ్గర 100 పంపుతోంది.

కారణం: వివరణలో "రొయ్యల రేటు ఇస్తుంది" అని ఒక్క ముక్క ఉంది. పారామీటర్ పేరు "కౌంట్", రకం "అంకె". కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్ అనీ, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదనీ చెరువు గట్టు మీద అందరికీ తెలిసిందే కాబట్టి రాయాలని ఎవరికీ తోచలేదు. మోడల్ మాత్రం పెద్ద సైజుకి పెద్ద అంకె వేసింది.

పరిష్కారం: ఇలా రాసి చూడండి.

"వనామీ రొయ్యల ఈరోజు కొనుగోలు రేటు ఇస్తుంది, కిలోకి రూపాయల్లో. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య: 30 పెద్ద రొయ్య, 100 చిన్న రొయ్య. రైతు కౌంట్ చెప్పకపోతే ఊహించవద్దు, అడగాలి. పాత రేట్లకి ఇది వాడకూడదు, రేట్ల_చరిత్ర వాడాలి."

ఆఖరి వాక్యాన్ని అనవసరం అనుకుని కొట్టేయకండి. ఒకేలా కనిపించే రెండు టూల్స్ ఉన్నప్పుడు ఏజెంట్ తికమకపడేది అక్కడే. దేనికి వాడాలో ఎంత ముఖ్యమో, దేనికి వాడకూడదో అంతే ముఖ్యం. మీ రేట్ల పట్టికలో ఉన్న కౌంట్లని ఈనమ్‌గా (వీటిలో ఒకటే పంపాలి అనే జాబితాగా) కట్టేస్తే లేని అంకెలు పంపే బెడద చాలావరకు పోతుంది. 43 కౌంట్ అని ఎవరైనా అంటే పక్కనున్న ఏ కౌంట్ రేటు చెప్పాలో కూడా వివరణలోనే తేల్చండి.

ధాన్యంలోనూ ఇదే గొడవ. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు. రైతు 40 బస్తాలంటే 30 క్వింటాళ్లు. మోడల్ బస్తాని 50 కిలోలు అనుకుంటే 20 క్వింటాళ్లే నమోదవుతాయి, ఇక ఆ టెన్షన్ రైతుది. పారామీటర్‌కి "పరిమాణం" అని కాకుండా "పరిమాణం_క్వింటాళ్లలో" అని పేరు పెట్టండి, బస్తా లెక్క పక్కనే రాయండి.

సమస్య: వరద వస్తుంటే "భయం లేదు" అంటోంది

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. టూల్ "నీటిమట్టం: 14" అని ఇచ్చింది. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గరని మోడల్‌కి తెలుసు. 14 దానికి చాలా దూరం కదా అని లంక గ్రామాల రైతుకి ధైర్యం చెప్పింది. కానీ ఆ 14 ధవళేశ్వరం దగ్గరిది. అక్కడ హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు. అంటే రెండో హెచ్చరిక దాటేసింది.

ఇక్కడ వివరణ ఒక్కటి సరిచేస్తే చాలదు. "ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం, అడుగుల్లో, భద్రాచలం అంకెలతో పోల్చవద్దు" అని రాయండి, సరే. జవాబులో కూడా స్థలం, కొలమానం, రీడింగ్ తీసిన సమయం, ఎన్నో హెచ్చరిక అమల్లో ఉందో పంపండి. 14ని 13.75తో పోల్చడం కోడ్ చేయాల్సిన పని, దాన్ని మోడల్ మీద వదలకండి. డేటా అందకపోతే ఖాళీ జాబితా పంపకండి. ఖాళీ అంటే వరద లేదనుకుంటుంది. "రీడింగ్ అందలేదు, పరిస్థితి తెలియదు" అని వాక్యంగా పంపండి.

సమస్య: టూల్ పిలవకుండానే జవాబు చెప్పేస్తోంది

"రేట్ల సమాచారం" అని రాస్తే, ఆ సమాచారం తనకీ ఉందనుకుంటుంది. "రేట్లు రోజూ మారతాయి, అడిగిన ప్రతిసారీ ఈ టూల్ పిలిచాకే చెప్పాలి" అని రాయండి.

సమస్య: లేని చెరువు నంబరు పుట్టిస్తోంది

చెరువు ఐడీ తప్పనిసరి అని పెట్టి, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే మోడల్ ఏదో ఒకటి నింపేస్తుంది. "ఐడీ చెరువుల_జాబితా నుంచి తీసుకోవాలి" అని రాయండి. అసలు రైతు ఊరు, చెరువు పేరు చెబితే తీసుకునేలా టూల్‌ని మార్చడం ఇంకా మేలు.

జిల్లా పేరుకీ ఈనమ్ పెట్టండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా అమలాపురాన్ని ఇప్పటికీ తూర్పు గోదావరి అనేవాళ్లున్నారు. అది కోనసీమ జిల్లా కిందకి వస్తుందని వివరణలో ఒక ముక్క ఉండాలి.

సమస్య: అదే తప్పు పిలుపు మళ్లీ మళ్లీ

"ఎర్రర్ 400" అంటే మోడల్‌కి ఏం అర్థమవుతుంది? "తేదీ 2025-07-14 రూపంలో ఉండాలి" అని ఎర్రర్‌లోనే చెప్పండి, రెండోసారికి దాదాపుగా సరిచేసుకుంటుంది.

సమస్య: అడక్కుండా మేత ఆర్డర్ పెట్టేసింది

"రైతు ఒప్పుకున్నాకే పిలవాలి" అని వివరణలో రాయాల్సిందే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. డబ్బు కదిలే చోట నిర్ధారణ బటన్ కోడ్‌లోనే ఉండాలి.

మార్పు చేశాక రైతులు నిజంగా అడిగిన ప్రశ్నలే, వాళ్ల మాటల్లోనే, మళ్లీ వేసి చూడండి. జవాబు బాగుందా అని కాదు, లాగ్‌లో (ఏజెంట్ చేసిన పనుల రికార్డులో) ఏ టూల్‌ని ఏ విలువలతో పిలిచిందో చూడండి. జవాబు ఒక్కోసారి అదృష్టం కొద్దీ సరిపోతుంది. ఒకసారికి ఒక వివరణే మార్చండి, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తేలదు.