డీఎంలో బేరం ఎట్లా చేయాలి: మన తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారాలకి

ఇన్‌స్టాలో పేజీ పెట్టి కలంకారీ చీరలు, ఇంట్లో పెట్టిన ఊరగాయలు, సొంత తోటలో కోసిన మామిడిపండ్లు అమ్మేవాళ్ళు మన పక్క చాలామంది ఉండారు, ఫొటోలు బాగా తీస్తాండారు, రీల్స్ కూడా బాగానే చేస్తాండారు, కానీ బేరం తెగేది పోస్టు కింద కాదు, డీఎంలో, అంటే నేరుగా పెట్టుకునే ప్రైవేట్ మెసేజ్‌లో. ఆడ సరిగ్గా మాట్లాడక చేతిదాకా వచ్చిన కస్టమర్ని పోగొట్టుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తాది, అందుకే ఇంత వివరంగా రాస్తాండా.

అన్నిటికన్నా ముందు, అడగనివాళ్ళకి మెసేజ్ పెట్టొద్దు. ఎవరో వేల నంబర్ల లిస్టు ఇస్తామంటారు, ఒక్క క్లిక్‌తో అందరికీ పోతాదంటారు, తీసుకోవద్దు. తెలియని నంబర్ నుంచి వాట్సాప్ మెసేజ్ వస్తే అవతలోళ్ళకి బ్లాక్, రిపోర్ట్ బటన్లు కళ్ళముందే కనిపిస్తాయి, నలుగురు రిపోర్ట్ కొడితే మీ అకౌంట్ బ్యాన్ అయ్యే పరిస్థితి వస్తాది, అదే నంబర్ మీ షాపు బోర్డు మీద, కవర్ల మీద, పాత కస్టమర్ల ఫోన్లలో ఉండేది, అది పోతే ఇంగ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. ఇన్‌స్టాలో అయితే కొత్తవాళ్ళ మెసేజ్ రిక్వెస్ట్స్ లోకి పోయి పడి ఉంటాది, చాలామంది అది తెరిచి కూడా చూడరు.

మరి వాళ్ళే మనకి మెసేజ్ పెట్టేట్టు ఎట్లా చేయాలి? వాట్సాప్ బిజినెస్ యాప్ ఫ్రీనే, మామూలు వాట్సాప్ కాకుండా అది వేసుకోండి, దాంట్లో మీ పేరుతో ఒక క్యూఆర్, ఒక షార్ట్ లింక్ వస్తాయి. లింక్ ఇన్‌స్టా బయోలో పెట్టండి. క్యూఆర్ ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర యూపీఐ స్కానర్ పక్కనే అతికించండి, డబ్బులు కట్టేటప్పుడు ఎట్లాగూ ఫోన్ చేతిలోనే ఉంటాది కదా, "కొత్త స్టాక్ వస్తే చెప్తాం అక్కా, ఇది స్కాన్ చేసి ఒక హాయ్ పెట్టండి, నంబర్ సేవ్ చేసుకోండి" అని నోటితో అడగండి. సేవ్ చేసుకోమని చెప్పడం ఎందుకంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి విడివిడిగా పోయే లిస్టులో, పంపే మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరతాది, లేకపోతే మీరు పంపినా వాళ్ళకి రాదు, ఈ సంగతి తెలియక మెసేజ్‌లు పనిచేయడం లేదనుకునేవాళ్ళు చాలామందే.

ఇంగొకటి, నేను గట్టిగా చెప్పేది ఇదే. "రేటు కోసం డీఎం చేయండి" అనే పద్ధతి మానుకోండి. రేటు పోస్టులోనే రాయండి. రేటు దాచిపెడితే కొనగలిగినవాళ్ళు కొందరు అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోతారు, అడిగినవాళ్ళలో చాలామంది రేటు విని మాయమైపోతారు, మీ సాయంత్రం మొత్తం ఒకే అంకె టైప్ చేయడంతో సరిపోతాది. రేటు ముందే కనిపిస్తే డీఎంకి వచ్చేది కొనే ఉద్దేశం ఉండేవాళ్ళే.

ఇప్పుడు ఒకామె మెసేజ్ పెట్టింది అనుకోండి: "ఈ చీర ప్యూర్ పెన్ కలంకారీనా, ప్రింటా?" దీనికి "ప్యూర్ అండీ, హండ్రెడ్ పర్సెంట్" అని కొడితే ఆమెకి ఏం నమ్మకం కలుగుతాది, అందరూ అదే అంటారు. పల్లూ దగ్గర ఫోన్ పెట్టి పది సెకన్ల వీడియో తీయండి, లైటు కింద కాదు, కిటికీ దగ్గర. ఒకే నెమలి రెండు చోట్ల ఉంటే రెండూ చూపించండి, చేత్తో వేసినదాంట్లో గీత కొంచెం తేడాగా ఉంటాది, తోక దగ్గర ఒకచోట సన్నగా, ఇంగొకచోట లావుగా. వెనకవైపు కూడా తిప్పి చూపించండి. తర్వాత రెండు ముక్కలు రాయండి: "ఇది శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీసింది అండీ, బట్టని ముందు కరక్కాయ, ఎనుముపాలలో నానబెడతారు. బ్లాకులతో అద్దేది పెడన, మచిలీపట్నం రకం, అది కూడా మా దగ్గర ఉంది, రేటు తక్కువ." ఇట్లా రెండో రకం గురించి కూడా నిజం చెప్తే ఆమెకి మీ మీద గురి కుదురుతాది.

పిలుపు దగ్గర జాగ్రత్త. మనకి ఎవరినైనా అక్కా, అన్నా అనేయడం అలవాటు, ఊర్లోవాళ్ళకి అది బాగుంటాది, కానీ బయటి ఊరి నుంచి మొదటిసారి వచ్చినామెకి "అండీ" అనే మొదలుపెట్టండి, ఆమె అక్కా అంటే అప్పుడు మీరూ అనండి. మన చిత్తూరు పక్క తమిళం, కన్నడం మాట్లాడే కస్టమర్లు కూడా వస్తారు, వాళ్ళు ఏ భాషలో రాస్తే ఆ భాషలో రెండు మాటలైనా రాయండి.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తా. రోజూ వచ్చే ప్రశ్నలకి, అంటే కొరియర్ చార్జీ, రిటర్న్, సైజు లాంటివాటికి వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు, పెట్టుకోండి, 50 దాకా పెట్టొచ్చు. ఇన్‌స్టాలో ప్రొఫెషనల్ అకౌంట్‌కి మార్చుకుంటే సేవ్డ్ రిప్లైలు అదే పని చేస్తాయి. వాట్సాప్ బిజినెస్‌లోనే లేబుల్స్‌తో డబ్బు కట్టినవాళ్ళని, పార్సిల్ పంపాల్సినవాళ్ళని వేరుచేసుకోండి. రాత్రిపూట "అవే మెసేజ్" (Away message, మీరు లేనప్పుడు దానంతట అదే పోయే జవాబు) ఆన్ చేసి "పొద్దున 9కి రిప్లై ఇస్తాం" అని పెట్టండి, పెట్టినాక 9కి ఇవ్వండి.

బ్రాడ్‌కాస్ట్ ఒక్కో లిస్టులో 256 మందిని పెట్టొచ్చు, కానీ అందరినీ ఒకే లిస్టులో కుక్కొద్దు. మామిడి అమ్మేవాళ్ళయితే బేనీషా కొన్నవాళ్ళు ఒక లిస్టు, ఇమామ్ పసంద్ కొన్నవాళ్ళు ఒక లిస్టు, ఊరగాయకి పచ్చికాయ అడిగేవాళ్ళు వేరే. మెసేజ్ ఇట్లా ఉంటే చాలు: "నమస్తే అండీ, పోయిన సీజన్‌లో మా దగ్గర ఇమామ్ పసంద్ తీసుకున్నారు. ఈసారి కోత వచ్చే వారం. కార్బైడ్ వేయము, గడ్డిలో మాగేస్తాం, మీ చేతికి వచ్చినాక రెండు మూడు రోజులు ఆగి తినాలి. కావాలంటే ఎన్ని కిలోలో చెప్పండి, వద్దంటే వద్దు అని పెట్టండి, ఇంగ పంపము." రేటు కింద లైన్‌లో రాయండి. గడ్డిలో మాగేస్తేనే ఆ మాట రాయండి. గుడ్ మార్నింగ్ ఫొటోలు, పండగ శుభాకాంక్షల కార్డులు పంపొద్దు, అవి వచ్చే నంబర్‌ని జనం మ్యూట్‌లో పెడతారు, అసలు మెసేజ్ కూడా దాంట్లోనే మునిగిపోతాది. వద్దన్నవాళ్ళని అదే నిమిషంలో లిస్టులోనుంచి తీసేయండి.

డబ్బుల విషయంలో స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు, ఎవరైనా తయారుచేయొచ్చు దాన్ని, మీ బ్యాంకు యాప్‌లో పడిందా లేదా చూసుకున్నాకే పంపండి. మీ పేజీ పేరులో ఒక అక్షరం మార్చి దొంగ అకౌంట్ పెట్టి మీ ఫాలోవర్లకి డీఎంలు కొట్టేవాళ్ళూ ఉంటారు, అందుకని "మేము ముందుగా డీఎం చేసి డబ్బులు అడగము" అని ప్రొఫైల్‌లోనే రాసిపెట్టండి. కాపీరైట్ కంప్లైంట్ వచ్చింది, ఈ లింక్‌లో లాగిన్ అవ్వండి అని వచ్చే మెసేజ్‌లు తొక్కొద్దు, టూ ఫ్యాక్టర్, అంటే లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఇంగొక కోడ్ కూడా అడిగే సెట్టింగు, ఆన్ చేసుకోండి.

పార్సిల్ ఆర్టీసీ కార్గోలో వేసినా కొరియర్‌లో వేసినా రసీదు ఫొటో అప్పుడే పంపేయండి, ఆమె అడిగేదాకా ఆగొద్దు. చేరిన మర్నాడు "పండ్లు దెబ్బ తినకుండా వచ్చినాయా అండీ" అని ఒక్క మెసేజ్ పెట్టండి, నాలుగు నలిగినాయంటే ఆ నాలుగింటి డబ్బులు వెనక్కి పంపండి. బాగున్నాయని ఫొటో పెడితే స్టోరీలో వేసుకోవచ్చా అని అడిగి, సరే అన్నాకే, పేరు, నంబర్ కనపడకుండా కత్తిరించి వేయండి.