ఫీడర్ పెట్టినా కార్డినల్ రావడం లేదా? గింజలు మార్చే ముందు ఇవి చూడండి

అమెరికాలో పెరడున్న ఇంటికి మారగానే మనవాళ్లు చాలామంది పిట్టలకు గింజలు పెట్టే ఫీడర్ ఒకటి వేలాడదీసి కార్డినల్ అనే ఎర్ర పిట్ట కోసం కాచుకుంటారు. నెలైనా రాకపోతే గింజల బ్రాండ్ మారుస్తారు, ఇంకో ఫీడర్ కొంటారు. పొద్దున్నే లేచి పావుగంట సేపు కిటికీ దగ్గర నిలబడి, వచ్చిన పిట్ట ఫీడర్ దగ్గర ఏం చేస్తోందో మాత్రం చూడరు. సగం సమస్యలు ఆ పావుగంటలోనే తేలిపోతాయి.

అన్నిటికన్నా ముందు మీ ఊరు సంగతి చూసుకోండి. ఎడిసన్, షార్లెట్, అట్లాంటా, షికాగో, డాలస్ చుట్టుపక్కల కార్డినల్ ఏడాది పొడుగునా ఉంటుంది. మంచు పడినా వలస పోదు. సియాటిల్, బే ఏరియాల్లో అది ఉండదు. అక్కడ ఎన్ని గింజలు పోసినా ఫలితం లేదు.

"రోజంతా చూస్తున్నాం, ఒక్కటీ కనపడలేదు"

మీరు చూస్తున్న వేళ తప్పు. ఫీడర్‌కి అందరికన్నా ముందు వచ్చేదీ, చివర్న వెళ్లేదీ కార్డినలే. సూర్యోదయానికి ముందు మసక వెలుతురులో ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి వస్తుంది. పది గంటలకు కాఫీ కప్పుతో నిలబడితే కనిపించేవి పిచ్చుకలే. గింజలు పొద్దున కాకుండా సాయంత్రమే నింపి ఉంచండి. కంటికన్నా ముందు చెవికి దొరుకుతుంది కూడా: నాణేన్ని నాణెంతో కొట్టినట్టు పొడిగా 'చిప్', 'చిప్' అని వినిపిస్తే పొదలో అదే ఉంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకుంటే కూత విని పేరు చెబుతుంది, కానీ మాకింగ్‌బర్డ్ ఇతర పిట్టల్ని అనుకరిస్తుంది కాబట్టి కంటితో చూశాకే ఖాయం చేసుకోండి.

"గోధుమరంగు పిట్ట వస్తోంది, ఎర్రది రావట్లేదు"

వచ్చింది కార్డినలే, ఆడది. మన పిగిలిపిట్టంత ఉంటుంది, నెత్తిన అలాంటి కుచ్చే కాస్త పొడుగ్గా. ఒళ్లంతా లేత గోధుమరంగు, కుచ్చు మీదా రెక్కల అంచున తోక మీదా ఎరుపు జీర. ముక్కు చూడండి: లావుగా, శంకువులా, నారింజ ఎరుపులో ఉంటుంది. అదే ఆకారంలో ముక్కు నల్లగా ఉంటే ఆ ఏడాది పిల్ల. ఆడది తిరుగుతోందంటే మగది దగ్గర్లోనే ఉంటుంది.

"ఎర్రగా ఉంది, కానీ కుచ్చు లేదు"

తల, ఛాతీ మాత్రమే ఎర్రగా ఉండి పొట్ట మీద గోధుమ చారలుంటే హౌస్ ఫించ్. ఒళ్లు ఎర్రగా, రెక్కలు నల్లగా ఉంటే స్కార్లెట్ టానజర్, అది వేసవి చుట్టం. మగ కార్డినల్‌కి ముక్కు చుట్టూ నల్లటి ముసుగు తప్పకుండా ఉంటుంది.

"మిగతా పిట్టలన్నీ తింటున్నాయి, కార్డినల్ వచ్చి వెళ్లిపోతోంది"

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చికడీలు, ఫించ్‌ల లాంటి చిన్న పిట్టలు హాయిగా తింటున్నాయి కాబట్టి ఫీడర్ బాగానే ఉందనుకుంటారు. ఆ ఫీడర్ చిన్న పిట్టలకు బాగుంది, అంతే.

మామూలు కారణం కూర్చునే పుల్ల. కార్డినల్ తిండికి ఎదురుగా కూర్చుని తింటుంది, మెడ పక్కకు తిప్పుకుని తినడం దానికి కష్టం. సన్న గొట్టం ఫీడర్‌కి ఉండే పొట్టి పుల్ల మీద నిలదొక్కుకోలేదు. కొన్ని గొట్టాలకు కింద పళ్లెం గానీ చుట్టూ రింగు గానీ విడిగా దొరుకుతాయి, తగిలించండి. లేదా పళ్లెం రకమో, ఇల్లులాంటి డబ్బా రకమో తెచ్చుకోండి. చుట్టూ పంజరం ఉన్నవాటిలో కన్నాలు చిన్నవి, కార్డినల్ దూరలేదు.

అసలు మోసం చేసేది ఉడతలు తినకుండా చేసిన స్ప్రింగ్ ఫీడర్. గొట్టం చుట్టూ లోహపు తొడుగు ఉంటుంది. పుల్ల మీద బరువు పడితే తొడుగు కిందికి జారి గింజల కన్నాలు మూసుకుంటాయి. అమెరికాలోని బూడిదరంగు ఉడత మన చారల ఉడతలాంటిది కాదు, 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. కార్డినల్ 45 గ్రాములు. అంత తేడా ఉంటే ఇబ్బందేముంది అనిపిస్తుంది. కానీ కార్డినల్స్ తరచూ జంటగా వస్తాయి, పైగా తొడుగు ఒక్కటే కాబట్టి అటు కూర్చున్న పిట్ట బరువు, ఇటు కూర్చున్న పిట్ట బరువు కలిసిపోతాయి. మగది ఒక్కటే ఉన్నప్పుడు తింటుంది. ఆడది వచ్చి వాలగానే తొడుగు జారుతుంది, ముక్కు ముందే కన్నం మూసుకుంటుంది. ఆ కదలికకు రెండూ బెదిరి ఎగిరిపోతాయి. రెండుమూడు సార్లు అలా అయితే ఆ ఫీడర్ వంక రావడం తగ్గిస్తాయి. తర్వాత మీరు చూసేసరికి చికడీలు మామూలుగా తింటుంటాయి, తప్పు కనపడదు.

పరీక్షకు లాండ్రీ కోసం పెట్టుకున్న క్వార్టర్లు, అంటే 25 సెంట్ల నాణేలు, చాలు. ఒక్కోటి 5.67 గ్రాములు. ఫీడర్ సగం నింపండి. 8 క్వార్టర్లు చిన్న జిప్ సంచిలో వేసి దారంతో పుల్లకు వేలాడదీయండి, ఒక కార్డినల్ బరువు. తర్వాత 16, అంటే సుమారు 91 గ్రాములు, ఒక జంట. దీనికి తొడుగు జారి కన్నం సగమైనా మూసుకుంటే జబ్బు దొరికినట్టే. గొట్టం రకాల్లో పైనున్న నాబ్ తిప్పితే స్ప్రింగ్ బిగుస్తుంది, కొన్ని డబ్బా రకాల్లో వెనక లివర్‌ని ఇంకో గాడిలోకి మార్చాలి. 16కి కదలకుండా, బ్యాంకు రోల్ మొత్తం, అంటే 40 క్వార్టర్లు, 227 గ్రాములు పెడితే పూర్తిగా మూసుకునేలా సరిచేయండి. అంతకన్నా బిగించకండి. ఉడత వెనక కాళ్లు పైన పట్టుకుని తలకిందులుగా వేలాడితే దాని బరువంతా పుల్ల మీద పడదు.

బిగించినా 8 క్వార్టర్లకే జారుతుంటే విప్పి చూడండి. గింజల పొట్టు, దుమ్ము తడిసి తొడుగు లోపల పేరుకుని ఉంటుంది. సంచి తీసేశాక తొడుగు తిరిగి పైకి రాకుండా సగంలో ఇరుక్కోవడం దాని గుర్తు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించండి. నూనె రాయకండి, దాని మీద పొట్టు ఇంకా అంటుకుంటుంది.

సరిచేశాక రెండు వారాలు ఆగండి, చోటు మార్చకండి. కన్నాలు నేలకు ఐదడుగుల ఎత్తులో, గుబురు పొదకు పదడుగుల దూరంలో ఉంటే బాగా వస్తాయి.

"గింజలన్నీ కింద పారబోస్తోంది"

చవక మిశ్రమం కొన్నారు. అందులో ఎర్రగా కనపడేవి జొన్నలు. కార్డినల్ వాటిని విసిరేసి పొద్దుతిరుగుడు కోసం వెతుకుతుంది, కింద పడినవి ఎలుకల్ని పిలుస్తాయి. నల్ల పొద్దుతిరుగుడు గింజలు ఒక్కటే కొనండి, లేదా సాఫ్‌ఫ్లవర్, అంటే మన కుసుమలు. కుసుమల్ని ఉడతలు అంతగా ముట్టవు. నైజర్ పేరుతో అమ్మేవి అరకు వలిసెలే, గోల్డ్‌ఫించ్‌లకు బాగుంటాయి, కార్డినల్‌కి వద్దు. మిగిలిన అన్నం, కారప్పూస వేయకండి.

గింజలు మంచివైనా తినకపోతే అడుగున వేలు పెట్టి చూడండి. పాతవాటి మీద కొత్తవి పోస్తూ ఉంటే వానకు తడిసిన అడుగు గింజలు గడ్డకట్టి బూజు పడతాయి. మొత్తం పారేసి, తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, బాగా ఆరబెట్టి, రెండు మూడు రోజుల్లో అయిపోయేంతే పోయండి. ఈ కడగడం రెండు వారాలకోసారి తప్పనిసరి, లేకపోతే సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఒక పిట్ట నుంచి ఇంకోదానికి పాకుతుంది.

మిగిలినవి

వసంతంలో మగది కిటికీని పొడుస్తుంటే, అద్దంలో తన నీడను పోటీదారు అనుకుంటోంది. అద్దానికి బయటివైపు కాగితం అంటించండి, లోపల అంటిస్తే నీడ పోదు. వేసవి చివర్లో తల బోడిగా కనిపిస్తే చాలావరకు ఈకలు రాల్చుకుంటోందని, మళ్లీ వస్తాయి. అన్ని పిట్టలూ ఒక్కసారే మాయమైతే పైన డేగ ఉందేమో చూడండి, ఫీడర్ వారం రోజులు తీసేస్తే అది వేరే చోటికి పోతుంది. పసుపురంగు కార్డినల్ వస్తే ఫోటో తీసుకోండి, చాలా అరుదు. రాలిన ఈకలు మాత్రం ఇంటికి తెచ్చుకోకండి, 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అది నేరం.